చెట్టు నీడలో తొట్టిచెరువు

మా ఇల్లు అమ్మకానికి పెట్టారన్న సంగతి నాకు వీధి చెప్పింది, మొగుడు చెప్పలేదు. డెబ్భై ఆరో సంవత్సరం, మార్చి నెల. రొట్టెల కొట్టు నుంచి సంచీతో తిరిగొస్తున్నాను. మా గుమ్మం పక్కన ఎవరో ఓ కొయ్య గుంజ పాతి, దానికి బోర్డు కొట్టి పోయారు. ఎదురింటి ఫ్రీడా మోకాళ్ళ మీద కూర్చుని తన వాకిలి మెట్లు రాయి పెట్టి తోముతోంది. మా యార్క్‌షైర్‌లో మెట్లు తోమని ఆడదాన్ని మనిషి కింద లెక్కెయ్యరు. నన్ను చూసి తోమడం ఆపింది.

"ఒసే క్లారిస్, వెళ్ళిపోతున్నారటగా! నాతో ఒక్క ముక్కయినా అనలేదేమే?"

"అనడానికి నాకు తెలిస్తే కదా," అన్నాను.

నేను అరిచే మనిషిని కాను. అరిచే మనిషినే అయితే ఆ పొద్దున లోయ లోయంతా వినేది. లోపలికెళ్ళి సంచీ బల్ల మీద పెట్టాను. మా విల్ఫ్ టీ తాగుతూ పేపరు వెనక దాక్కున్నాడు. బస్సు నడిపి నడిపి ఆ చలికాలమే రిటైరయ్యాడు. రిటైరైన మగాడు ఇంట్లో ఉండటమంటే ఇరుకు గదిలో కొత్త సోఫా వేసినట్టే. ఎటు తిరిగినా కాలికి తగులుతాడు. బ్రిడ్లింగ్టన్‌లో సముద్రం దగ్గర ఒక చిన్న ఇల్లు చూశాననీ, మెట్లు లేవనీ, గాలి బాగుంటుందనీ పేపరుతోనే చెప్పాడు.

"నేను రాను," అన్నాను.

"పుట్టిందీ ఈ వీధే, పెళ్ళాడిందీ ఈ వీధే. బావిలో కప్పవే నువ్వు."

"కప్పకి బావి చాలు. సముద్రం దేనికీ?"

అసలు కారణం గాలీ కాదు, మెట్లూ కాదు, చెట్టు. మా పెరటి గోడకి అవతల ఎలిస్ పెరట్లో ఒక సికమోర్ చెట్టుంది. పెద్ద పెద్ద ఆకుల మహావృక్షం. దాని నీడంతా మా పెరట్లోనే పడుతుంది. గడ్డి మొలవదు, ఉల్లిపాయ ఊరదు, ఆరేసిన బట్ట ఆరదు. ఒక శీతాకాలం దాని ఆకులు మా చూరుగొట్టంలో అడ్డుపడి నీళ్ళు పడకగదిలోకి దిగాయి. విల్ఫ్ గోడ మీంచి ఒక మాటన్నాడు. ఎలిస్ రెండన్నాడు. అంతే, పదేళ్ళ పైబడి ఇద్దరికీ మాటల్లేవు. ప్రార్థన మందిరంలో ఎదురుపడితే టోపీలు ఎత్తుకుంటారు. మర్యాదకేం లోటు లేదు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే మాత్రం మా ఆయన వాటిని తోపుడుబండికెత్తి గోడ మీంచి అవతలికి కుమ్మరిస్తాడు. సాయంత్రానికల్లా అవే ఆకులు గోనెసంచుల్లో, మూతి చక్కగా కట్టి, మా వెనక గేటు ముందు నిలబడి ఉంటాయి. ఆ ఆకులు ప్రతి ఏడూ అలా ప్రయాణాలు చేసీ చేసీ చివరికి ఎవరింట్లో కుళ్ళేవో దేవుడికి తెలియాలి.

ఎలిస్ పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను వండిందాంట్లో ఒక పళ్ళెం గోడ మీంచి అందిస్తాను. విల్ఫ్ ఆ వేళకి కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. మాంసం కూరతో తినే పిండి పుడ్డింగులు పొయ్యిలో మూడు పొంగాయి, బల్ల మీదికి రెండే వచ్చాయి, మూడోది ఏమైందని ఎన్నడూ అడగలేదు. పేచీ అంటే పేచీయే. ఆకలి వేరే సంగతి.

"ఆ చెట్టు కింద ఏదీ బతకదు," అన్నాడు విల్ఫ్ ఆ రోజు, కప్పు దించి. "మనమూ బతకం."

"బతికితే?"

"ఏంటి బతికేది?"

"ఏదైనా సరే. ఆ మూల నీడలో ఒక ప్రాణి తనంతట తాను వచ్చి కాపురం పెడితే మనం ఇక్కడే ఉంటాం. ఆగస్టు ఆఖరి సోమవారం, ఆ సెలవు రోజు దాకా నాకు గడువియ్యి. రాకపోతే నోరు మూసుకుని నీ సముద్రానికి వస్తాను."

నవ్వాడు. పందెం అంటే మా ఆయనకి ప్రాణం. పైగా తప్పక గెలిచే పందెం అనుకున్నాడు. చెయ్యి చాపాడు. నేను పట్టుకుని గట్టిగా ఊపాను. మా దగ్గర చెయ్యి కలిపి ఊపాక కోర్టు కాగితమైనా దాని ముందు దిగదుడుపే.

*

పిల్లల్లేని ఇల్లు మాది. వస్తువులు పారేసే తొందర ఎవరికీ లేదు. స్నానాల గది కట్టించకముందు మేం నిప్పుగూటి ముందు పెట్టుకుని స్నానం చేసిన పొడుగాటి జింకు తొట్టి ఇంకా పెరటి గోడకి మేకున వేలాడుతోంది. దాన్ని దించాను. బొగ్గు ఎత్తే పార తీసుకుని ఆ చీకటి మూల తవ్వడం మొదలుపెట్టాను.

వీధిలో సలహాలకి కొదవా? చెరువుకి సగం రోజైనా ఎండ తగలాలని ఒకరు, నీడలో నీళ్ళు నిలవుంటే కంపు కొడతాయని ఒకరు. ఫ్రీడా వాళ్ళాయన తన పెరట్లో నడి ఎండలో సిమెంటు చెరువు కట్టి ఎర్రచేపలు వదిలినవాడు. ఆయన వచ్చి గోతిని చూసి జాలిగా తల ఊపి వెళ్ళాడు. ఫ్రీడా అయితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందని మొహం మీదే అంది. ఎలుకైనా సరే వస్తే పందెం నాదేనన్నాను.

తవ్వుతుంటే మనిషి చెయ్యంత వేరు అడ్డొచ్చింది. పార ఎత్తాను. గోడ మీంచి ఎలిస్ టోపీ, దాని కింద ఎలిస్ కళ్ళు కనిపించాయి.

"అమ్మా క్లారిస్, ఆ లావు వేరు తెంచకు. దాని అన్నమంతా దాంట్లోంచే. నీ తొట్టిని అటు పక్కకి జరుపుకో."

జరుపుకున్నాను. తొట్టి కింద ఇసుక పరిచాను. అంచులు నేల మట్టానికి దించి చుట్టూ రాళ్ళు పేర్చాను. రైలు గట్టు పక్క నుంచి ఫెర్న్ మొక్కలు పెకలించుకొచ్చాను, అవి నీడలోనే పుట్టే జాతి. కాలవ నుంచి ఒక సీసాడు నీటిగడ్డి తెచ్చాను. కుళాయి నీళ్ళు మాత్రం చుక్క పొయ్యలేదు. చూరు కింద పీపాలో పట్టిన వాన నీళ్ళు నింపి, పైన కాలవ నీళ్ళు ఒక బక్కెట్టు బురదతో సహా కలిపాను, పాలకి తోడు వేసినట్టు.

విల్ఫ్ వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"మన పెళ్ళైన కొత్తల్లో నేను ఈ తొట్టిలో పట్టేవాణ్ణి," అన్నాడు.

"ఇప్పుడు పట్టవు. భయం లేదు, నిన్ను లెక్కలోకి తీసుకోను," అన్నాను.

*

మొదట వచ్చినవి దోమపిల్లలు. మే నెలలో నీళ్ళ నిండా కొక్కేల్లా వంకర్లు తిరుగుతూ ఈదాయి. విల్ఫ్‌ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను. అవి చెల్లవన్నాడు. ప్రాణులు కావా అంటే పెద్దయ్యాక ఎగిరిపోతాయి కాబట్టి కాపురం కిందికి రావన్నాడు. తర్వాత ఒక నల్ల పిట్ట రోజూ వచ్చి రాళ్ళ మధ్య జలకాలాడింది. అది చుట్టమట, చెల్లదట. నీటి మీద పరుగులు తీసే పొడుగుకాళ్ళ పురుగు వచ్చింది. పురుగులు ఎక్కడైనా ఉంటాయి, చెల్లదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషితో వాదించి గొంతు నొప్పి తెచ్చుకోవడం దేనికని ఊరుకున్నాను. వచ్చేది వస్తుంది. నీళ్ళుంటే ప్రాణం వాసన పట్టుకుని వస్తుంది. ఆ నమ్మకం నాకెందుకంత గట్టిగా ఉండేదో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఉండేది.

తర్వాత వాన ఆగిపోయింది. ఆ ఏడు ఎండాకాలం సంగతి మా వాళ్ళు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. మా లోయలో ఎండ కాస్తే బట్టలు ఆరేసుకోవడానికి పరిగెత్తే వాళ్ళం. అలాంటిది వారాల తరబడి మబ్బు తునక లేదు. కొండ మీద గడ్డి గోధుమరంగైంది. తోటలకి గొట్టంతో నీళ్ళు పెడితే జరిమానా అన్నారు. ఎవరి స్నానం నీళ్ళు వాళ్ళు బక్కెట్లతో గులాబీలకి మోసుకుంటుంటే వీధంతా సబ్బు వాసన. ఫ్రీడా వాళ్ళాయన సిమెంటు చెరువు బఠాణీ పులుసులా పచ్చగా చిక్కబడి, ఎర్రచేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టాయి. ఆయన్ని చూస్తే నాకు నిజంగా బాధేసింది. నవ్వలేదు. ఫ్రీడాని మాత్రం ఒకసారి, ఎండ ఎలా ఉందే అని అడిగాను.

నా తొట్టి మాత్రం ఆ చెట్టు నీడలో చల్లగా, నల్లగా, స్వచ్ఛంగా ఉంది. ఫెర్న్‌లు దాని మీదికి వంగి మొహం చూసుకుంటున్నాయి.

విల్ఫ్‌కి లోకంలో ఉన్న ఒకే ఒక్క పిచ్చి బౌల్స్. తివాచీలాంటి పచ్చిక మీద బంతి దొర్లించి, చిన్న తెల్ల బంతికి దగ్గరగా ఎవరిది ఆగుతుందో చూసుకునే ఆట. పచ్చికకి నీళ్ళు పెట్టొద్దనేసరికి అది చాపలా ఎండి పగుళ్ళిచ్చింది. జూలైలో క్లబ్బు మూసేశారు. ఆ రోజు మా ఆయన బంతుల సంచీతో ఇంటికొచ్చి, గదిలో ఉడికిపోయి, వాకిట్లో మాడిపోయి, ఆఖరికి కుర్చీ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాడు. వీధి మొత్తం మీద చల్లగా ఉన్న చోటు ఒకటే. ఎలిస్ చెట్టు కింద, నా తొట్టి పక్కన. పదేళ్ళు తిట్టిన నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. పెదవి కొరుక్కుని లోపలికి వచ్చి నవ్వుకున్నాను.

పీపా అడుగంటింది. తొట్టిలో నీళ్ళు బెత్తెడు దిగాయి, జానెడు దిగాయి. ఒక సాయంత్రం వెనక తలుపు తెరిచేసరికి విల్ఫ్ బక్కెట్టు వంచబోతున్నాడు. పైన సబ్బు నురగ.

"ఆగు! నీ స్నానం నీళ్ళు దాంట్లో పోశావంటే నిన్ను దాంట్లోనే ముంచుతాను," అన్నాను.

"వీధిలో అందరూ మొక్కలకి ఇవే పోస్తున్నారు కదే."

"అవి మొక్కలు. ఇందులో ప్రాణులు బతకాలి. సబ్బు తగిలితే అంతే సంగతులు."

"ఏం ప్రాణులు? ఏవీ లేవుగా," అంటూ బక్కెట్టు తీసుకెళ్ళి మోరీలో కుమ్మరించాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సాయం చెయ్యబోయి దొరికిపోయాడని అర్థమైంది. అవతలి పక్షం ఆటగాడికి ఆసరా ఇచ్చినవాడిలా రెండు రోజులు నా కళ్ళల్లోకి చూడలేదు.

ఆ మర్నాటి నుంచి తొట్టిలో నీళ్ళు దిగడం మానేశాయి. నేను లేచేసరికి విల్ఫ్ పక్క ఖాళీగా ఉండేది, వెనక గేటు దగ్గర బక్కెట్టు తడిగా ఉండేది, అతని బూట్లకి కాలవ బురద ఉండేది. వంటింట్లో నా పిండి జల్లెడ కనిపించకపోతే వెతికాను. అది తొట్టి పక్కన రాయి మీద ఉంది, దాంట్లో తడిసిన సికమోర్ ఆకులు మూడున్నాయి. నేను మోసం చేసి ఏమైనా తెచ్చి పడేస్తానేమోనని కాపలా కాస్తున్నానన్నాడు. పోనీ అలాగే అన్నాను. జల్లెడ కొత్తది కొనుక్కున్నాను.

*

ఆగస్టు చివరికొచ్చేసరికి నా గుండె కొంచెం జారింది. అబద్ధం దేనికి? లీడ్స్ నుంచి ఒక జంట ఇల్లు చూసి వెళ్ళారు. నచ్చింది, సెలవు సోమవారం మళ్ళీ వచ్చి ఖాయం చేస్తామన్నారు. ఆవిడ నా వంటింట్లో నిలబడి ఏ గోడ పడగొట్టాలో చెబుతుంటే నేను కడిగిన కప్పునే మళ్ళీ కడిగాను. ఆ వంటింటి కిటికీలోంచి నేను ఫ్రీడాతో సైగలు చేసుకుంటూ జీవితం గడిపాను. ఈ వీధిలో నా అడుగు చప్పుడు తెలియని కుక్క లేదు. బ్రిడ్లింగ్టన్‌లో నాకు సముద్రపు కాకులు తప్ప ఎవరు తెలుసు? అయినా చెయ్యి కలిపాను. మాట తప్పడం మా వంశంలో లేదు. రోజూ మధ్యాహ్నం పని ముగించుకుని తొట్టి పక్కన కూర్చుని నీళ్ళలోకి చూసేదాన్ని. పురుగులూ, పిట్టా, నా మొహమూ కనిపించేవి.

సెలవుకి ముందు రోజు, ఆదివారం. నేను పొయ్యిలోంచి పళ్ళెం తీస్తున్నాను. వీధి తలుపు చప్పుడైంది. మా దగ్గర తెలిసినవాళ్ళు వెనక గేటు నుంచి వస్తారు. వీధి తలుపు కొట్టేది పాస్టరూ, డాక్టరూ, చెడు కబురూ. తెరిస్తే ఎలిస్. ఆ ఎండలో కోటు, టై, చేతిలో టోపీ.

"పుడ్డింగుకి రాలేదమ్మా. విల్ఫ్‌తో పనుంది," అన్నాడు.

ఇంట్లోంచి నడిపించి పెరట్లోకి తీసుకెళ్ళాను. విల్ఫ్ కుర్చీలోంచి లేచాడు. ఇద్దరి మధ్యా నా తొట్టి ఉంది. ఇద్దరూ దాంట్లోకే చూస్తూ నిలబడ్డారు. చివరికి ఎలిస్ నోరు విప్పాడు. మీరు ఇల్లమ్ముకుని పోతున్నారనీ, నా చెట్టు వల్లేననీ ఫ్రీడా చెప్పింది. చెట్టుకోసం మనుషులు పోవడం పద్ధతిగా లేదు. మంగళవారం రంపాల వాళ్ళని రమ్మన్నాను, మొదలంటా కొట్టేస్తారు. ఇదీ అతను చెప్పింది. చెబుతున్నంతసేపూ టోపీ అంచు తిప్పుతూనే ఉన్నాడు.

"ఇంక నువ్వు వెళ్ళక్కర్లేదు విల్ఫ్," అన్నాడు.

పేరు పెట్టి పిలిచాడు. పదేళ్ళలో మొదటిసారి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చెట్టు వాళ్ళ నాన్న నాటింది, నాకు తెలుసు. మాట్లాడుకునే మనుషులైతే ముందు ఓ మాట అడిగి తర్వాత రంపాన్ని పిలుస్తారు. మాట్లాడని మనుషులు ముందు రంపాన్ని పిలుస్తారు.

చెట్టు తగాదాలో విల్ఫ్ గెలిచాడు. ఇన్నేళ్ళ కోరిక అడక్కుండా ఇంటికొచ్చి చేతిలో పడింది. చెట్టుంటే ఇల్లు పోతుంది, చెట్టు పోతే ఇల్లుంటుంది. నాకూ మంచిదేగా? విల్ఫ్ తలెత్తి కొమ్మల్లోకి చూశాడు. మళ్ళీ తొట్టిలోకి చూశాడు. తర్వాత వంగి, అంచు మీదున్న చదును రాయిని మెల్లిగా ఎత్తాడు.

రాయి కింద, తడి మట్టిలో, ఒక కప్ప కూర్చుని ఉంది. గోధుమరంగు, కంటి వెనక నల్ల మచ్చ. గొంతు ఆడిస్తూ మమ్మల్ని ముగ్గురినీ చూసింది. కొండ మీది గుంటలన్నీ ఎండిపోతే నీళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది.

"పొద్దున్నే నీళ్ళలో ఉంటుంది. ఎండెక్కితే దీని కిందికి దూరుతుంది," అన్నాడు విల్ఫ్. "క్లబ్బు మూసిన వారం నుంచీ ఉంది."

నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. రాయిని ఎంత నెమ్మదిగా ఎత్తాడో అంత నెమ్మదిగా దించాడు.

"నీడ పోతే నీళ్ళు ఉడికిపోతాయి ఎలిస్. చెట్టు కొట్టకు."

ఎలిస్ టోపీ తిప్పడం ఆపాడు. "మరి ఆకులో?" అన్నాడు.

"ఆకులు నేను చూసుకుంటాను."

ఇంతే మాట్లాడుకున్నారు. చేతులు కలపలేదు, ఎవరూ ఎవరినీ క్షమించలేదు. ఎలిస్ ఇంకాసేపు నిలబడి ఫెర్న్‌లు బాగా పట్టాయన్నాడు. అప్పుడు నాకు పొయ్యి మీది కూర గుర్తొచ్చి లోపలికి పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం మూడు పుడ్డింగులూ మా బల్ల దగ్గరే ముగ్గురం తిన్నాం. కిటికీకి ఎవరి వీపూ లేదు.

*

సోమవారం మబ్బు పట్టింది. లీడ్స్ దంపతులు వచ్చేసరికి మొదటి చినుకులు పడుతున్నాయి. వీధిలో జనం గొడుగులు లేకుండా బయటికొచ్చి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. ఫ్రీడా మెట్ల మీద కూర్చుని తడుస్తోంది. ఆ దంపతులు మా వాకిట్లో నిలబడి, అమ్మకానికున్న ఇల్లు ఇదేనా అని అడిగారు. చూస్తే గుమ్మం పక్కన బోర్డు లేదు, గుంజ లేదు. గుంజ ఉన్నచోట గుంతలో వాన నీళ్ళు చేరుతున్నాయి. మా ఆయన ఇంటి వెనక నుంచి వచ్చాడు. మోకాళ్ళ నిండా మట్టి, చేతిలో రంపం. లేదండీ, ఏదో పొరపాటు పడ్డట్టున్నారు, పక్క వీధిలో అడిగి చూడండి అని ఎంతో మర్యాదగా చెప్పి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాడు. నేను వాళ్ళకి టీ అయినా ఇవ్వాలనుకున్నాను గానీ నవ్వు ఆగక తలుపు వేసేశాను.

పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, జింకు తొట్టి గోడలు నిటారుగా, జారుడుగా ఉంటాయి కాబట్టి, లోపలికి దిగిన ప్రాణి పైకెక్కడానికి ఏటవాలుగా ఒక చెక్క బల్ల అమర్చి ఉంది. అడ్డంగా చిన్న మెట్లు కూడా కొట్టాడు. ఆ కొయ్య ఎక్కడిదో నేనడగలేదు.

అక్టోబరులో సికమోర్ ఆకులు రాలాయి. విల్ఫ్ తొట్టి మీద వల కప్పి, మిగతావన్నీ ఊడ్చి తోపుడుబండికెత్తాడు. అలవాటు ప్రకారం గోడ దాకా తోసుకెళ్ళాడు. అక్కడ ఆగాడు. కిటికీలోంచి నేను చూస్తున్నాను. బండి వెనక్కి తిప్పి, ఆకులన్నీ తొట్టి పక్కన మూలలో కుప్ప పోశాడు, చలికాలం కప్ప పడుకోవడానికి. అవతలి నుంచి ఎలిస్ గోడ మీద ఇంకో సంచీ పెట్టాడు. విల్ఫ్ అందుకుని అదీ కుప్ప మీదే పోశాడు.